వెండి అతుకు

ఫిబ్రవరి 3

కోడలు పిల్లకి,

మీ మేనమామ రాస్తున్నాడు. బాగున్నావా అని అడగను, బాగోకపోతే నువ్వే చెప్పేదానివి. ఫోను మాత్రం చెయ్యకు. వెల్డింగు షెడ్డులో గ్రైండరు పక్కన బతికిన చెవులివి. ఫోనులో నువ్వు మాట్లాడితే నాకు దోమ పాడినట్టుంటుంది. ఏం కావాలన్నా కాగితం మీద రాయి, కూడబలుక్కుని చదువుకుంటాను. నా రాత చూసి నవ్వావని తెలిసిందో, నీ సంగతి చెబుతా.

నువ్వు బొమ్మ గీసి పంపిన బుల్లి కొలిమి తయారైంది. పార్సిలు వేశాను. స్టీలు గిన్నె, దాని నెత్తిన సన్నటి ముక్కు. ఉగ్గుగిన్నె కూడా దీనికంటే పెద్దదే. మీ ఊళ్ళో ఎవర్ని అడిగినా ఇంత చిన్నది చెయ్యలేమన్నారని రాశావు. చెయ్యలేరు మరి. చెయ్యగలిగితే నా దగ్గరికెందుకు వస్తావు? అతుకు ఎక్కడుందో వేలితో తడిమి చెప్పు చూద్దాం. అద్దంలా పాలిష్ పట్టాను.

"ఇంత గిన్నెలో అది ఏం వండుతుందట?" అని మీ అత్తయ్య అడుగుతోంది. నాకూ తెలియదు. ఆవిడకి అర్థమయ్యేలా రాయి, నాకు ఎలాగూ అర్థమవుతుంది.

వేళకి తిను.

మామయ్య


ఫిబ్రవరి 22

మామయ్యా,

గిన్నె భద్రంగా చేరింది. ల్యాబులో ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చూశారు. మా మేడమ్ ఎవర్నీ మెచ్చుకునే మనిషి కాదు. ఆవిడ కూడా "ఇది చేసిన చేతులు నాకు చూపించు" అంది.

అత్తయ్యకి చెప్పు, అందులో మెగ్నీషియం వండుతాం. గాలి మొత్తం లాగేసిన డబ్బాలోకి ముక్కు దూరేలా గిన్నెని బిగించి బాగా వేడి చేస్తే మెగ్నీషియం పొగలా లేచి ముక్కులోంచి బయటికొస్తుంది. ఎదురుగా ఒక గాజు బిళ్ళ ఉంటుంది. దాన్ని మంచు కంటే ఎంతో చల్లగా ఉంచుతాం. ఎంత చల్లగా అంటే, నువ్వు వెల్డింగుకి వాడే ఆర్గాన్ గ్యాసు కూడా దాని మీద పడితే గడ్డకట్టి పటికలా అయిపోతుంది. పొగా, ఆర్గానూ కలిపి దాని మీద పడేలా చేస్తాం. మెగ్నీషియం పరమాణువులు, అంటే ఇక విడగొట్టడానికి వీల్లేనంత చిన్న ముక్కలు, ఆ పటికలో ఒక్కొక్కటీ విడివిడిగా ఇరుక్కుపోతాయి. దానిమ్మలో గింజల్లాగా. అటూ కదల్లేవు, ఇటూ కదల్లేవు, పక్కదాన్ని కలవలేవు. ఆర్గాన్ ఎవరితోనూ కలవదు కాబట్టి వాటిని పట్టుకుని ఉంటుందే తప్ప ఏమీ చెయ్యదు.

అప్పుడు వాటి మీద వెలుగు వేస్తాం. ఉలిక్కిపడతాయి. మళ్ళీ సర్దుకుంటాయి. సర్దుకునేటప్పుడు మింగిన వెలుగుని కక్కేస్తాయి. ఆ కక్కిన వెలుగుని బట్టి ఒక్కొక్కటి ఎంత ఇరుకులో కూర్చుందో, చుట్టూ ఉన్న ఆర్గాన్ దాన్ని ఎలా పట్టుకుందో చెప్పడం నా పని.

ఇప్పుడు అసలు సంగతి. మెగ్నీషియం ఉలిక్కిపడితే సర్దుకోవడానికి రెప్పపాటు కూడా పట్టదు. కానీ నీ గిన్నె పెట్టిన రోజు నుంచీ ఇంకో వెలుగు కూడా కనిపిస్తోంది. మేం దీపం ఆర్పేశాక కూడా అది వెంటనే ఆరదు. మెల్లగా, తీరిగ్గా ఆరుతుంది. మెగ్నీషియం ఆర్గాన్‌లో ఇలా చెయ్యడం ఎవరూ చూడలేదట. ఇది నిజమైతే నా చదువు ఒడ్డున పడ్డట్టే మామయ్యా.

అడ్డం ఒక్కడే. గ్యాసు పైపులు, పంపులు చూసుకునే అతను. ల్యాబులో అతని పేరు అనుమానం. గోడ గడియారం చూశాక చేతి గడియారం చూస్తాడు, ఆ తర్వాత బయటికెళ్ళి ఎండ చూసొస్తాడు. పది అనుమానాల్లో తొమ్మిది ఉత్తవే. ఇప్పుడు "ఇది మన మెగ్నీషియం కాదు. ఎక్కడో లీకుంది, బయటి గాలి దూరుతోంది, ఆ గిన్నె అతుకు చూడాలి" అని పట్టుకున్నాడు. అతుకు కారే అవకాశం ఏమైనా ఉందా?

నీ కోడలు పిల్ల


మార్చి 2

ఏమే,

కారుతుందా అని అడిగావు. నన్ను. ఇంకొకరు అడిగుంటే ఆ ఉత్తరం పొయ్యిలో ఉండేది.

నా అతుకు కారదు. గొట్టంతో గాలి పట్టించి, తొట్టిలో ముంచి చూశాను. ఒక్క బుడగ రాలేదు. నేను అతికిన ట్యాంకులు, నేను అతికిన బాయిలర్లు ఈ ఊళ్ళో అడుగడుక్కీ ఉన్నాయి. ఎవడైనా వచ్చి ఒక్క చుక్క కారిందని చెప్పమను, షెడ్డు తాళాలు వాడి చేతిలో పెట్టి పోతాను.

ఆర్గాన్ గురించి నాకు చెబుతున్నావు, నవ్వొచ్చింది. దాని సిలిండరు పక్కనే కదే నా బతుకంతా. ఎవరితోనూ కలవదు, గాలిని దగ్గరికి రానివ్వదు. "అచ్చం నీలాగే" అంది మీ అత్తయ్య. ఆవిడకి నువ్వు రాసిందంతా అర్థమైందట. ఉలిక్కిపడే మాట బాగుందట.

ఆ అనుమానం గాడి మాట వింటూ కూర్చుంటే నీ చదువు అయినట్టే. ఇలాంటివాళ్ళని చాలామందిని చూశాను. తమకి పని రాదు, పనొచ్చినవాడి చేతుల్లోకి తొంగి చూస్తుంటారు. నోరు మూయించు. మీ అమ్మలా మెత్తగా ఉండకు. పెద్దావిడ దగ్గరికెళ్ళి, లోపమంటూ ఉంటే అది వాడి పైపుల్లో ఉంటుంది గానీ మా మామయ్య గిన్నెలో ఉండదని చెప్పు. నా మాటగా చెప్పు.

మామయ్య


మార్చి 25

మామయ్యా,

నువ్వన్నదే నిజమైంది. లీకు పరీక్ష చేశాం. సందు ఉంటే చాలు దూరిపోయే గ్యాసుని గిన్నె చుట్టూ ఊదాం. ఎక్కడా దూరలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. అనుమానం మాత్రం కదల్లేదు. "అయినా సరే, అది మెగ్నీషియం కాదు" అన్నాడు. "మరేంటి?" అంటే "తెలీదు. కాదని మాత్రం తెలుసు" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

నువ్వు చెప్పమన్నట్టే మేడమ్‌కి చెప్పాను. ఒకటి రెండు మాటలు నేనూ కలిపాను. పైపులు శుభ్రం చెయ్యడనీ, ప్రతిదానికీ అడ్డం పడి పని ఆపేస్తాడనీ. అతనిది ఏటేటా పొడిగించే ఉద్యోగం. ఈసారి పొడిగించలేదు. పోయిన శుక్రవారం పానాలూ పనిముట్లూ ఉన్న పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. ఏదైనా అంటాడేమోనని నేను తల వంచుకున్నాను. పంపు చప్పుడు విని, "నూనె తగ్గింది, పోయండి" అని చెప్పి వెళ్ళాడు.

పోశాను. తగ్గింది నిజమే.

సరేలే. ఆ కొత్త వెలుగు మీద వ్యాసం రాస్తున్నాం. గిన్నె ఎలా చేశారో కూడా రాయాలి. "స్టీలు, ఆర్గాన్ వెల్డింగు, ఇంకే లోహమూ తగల్లేదు" అని రాశాను. అన్నిటికంటే ముఖ్యం అదే, అందుకే నీకు పంపిన బొమ్మ మీద ఎర్ర సిరాతో రాశాను. వేడికి ఆవిరయ్యే లోహం ఇంకోటి గోటి మీద మరకంత ఉన్నా చాలు, అదీ లేచొచ్చి పటికలో ఇరుక్కుంటుంది. వెలుగు పడితే అదీ ఉలిక్కిపడుతుంది. అప్పుడు మేం ఎవర్ని చూసి ఎవరనుకుంటున్నామో మాకే తెలియదు. నీ చేతి పని కాబట్టి నాకా భయం లేదు.

అత్తయ్యని అడిగానని చెప్పు.

నీ కోడలు పిల్ల


ఏప్రిల్ 4

కోడలు పిల్లకి,

నీ ఉత్తరం చదివాను. మళ్ళీ చదివాను. నాకే తప్పుగా అర్థమైందేమోనని మీ అత్తయ్య చేత కూడా చదివించుకున్నాను.

ఇక్కడ ఎండలు ముదిరాయి. షెడ్డు రేకులు పెనంలా ఉన్నాయి. సిలిండరుకి కట్టే గొలుసు తెగితే కొత్తది వేశాను.

ఆ అనుమానానికి పెళ్ళాం పిల్లలున్నారా? ఇంకెక్కడైనా పని దొరికిందా? ఊరికే అడుగుతున్నా.

వ్యాసం అచ్చుకి పోయిందా? తొందరేముంది. చిన్నదానివి. కొన్నాళ్ళాగి పంపితే కొంపలేం అంటుకోవు.

ఆ గిన్నె ఇక వాడకు. ఈసరికి పాతబడి ఉంటుంది. ఇంకోటి చేసి పంపుదామంటే నాకు ఇప్పుడు తీరిక లేదు. వేరే ఎవరిచేతైనా చేయించుకో.

మామయ్య


ఏప్రిల్ 16

మామయ్యా,

నీకు నా మీద కోపమొచ్చిందని అర్థమైంది. ఎందుకో మాత్రం అర్థం కాలేదు.

నోరు మూయించమన్నది నువ్వు కాదా? ఇప్పుడు పెళ్ళాం పిల్లలున్నారా అని నన్ను అడుగుతావా? పిల్లలు లేరు. భార్య ఉంది, తల్లి ఉంది. వచ్చి చూసినట్టు అడిగావు, నేను ఆ సంగతి తలుచుకోకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నానో నీకేం తెలుసు? కొత్తగా వచ్చినతను పంపు ఎంత అరిచినా తల తిప్పడు. అది అరిచినప్పుడల్లా నేను గుమ్మం వైపు చూస్తాను.

పైగా వ్యాసం ఆపమంటావు, గిన్నె ఇంకొకరి చేత చేయించుకోమంటావు. అమ్మతో చెబితే "తన కంటే ఎవరైనా పైకి పోతే మీ మామయ్యకి గిట్టదు, చిన్నప్పటి నుంచీ అంతే" అంది. నేను నమ్మలేదు. నీ ఉత్తరం ముందు పెట్టుకుని చూస్తే నమ్మాలనిపిస్తోంది.

వచ్చే వారం వ్యాసం పంపేస్తున్నాం. చివర నీకు కృతజ్ఞతలు చెబుతూ ఒక వాక్యం పెట్టించాను. అందులో నిన్ను "నిపుణుడు" అన్నాను. నీకు అదైనా ఇష్టమవుతుందో లేదో.

ఉంటాను


ఏప్రిల్ 20

అమ్మాయీ,

వ్యాసం పంపొద్దని, ఉత్తరం వస్తోందని మీ అత్తయ్య ఫోను చేసి ఉంటుంది. ఎందుకో ఆవిణ్ణి చెప్పొద్దన్నాను. అది నేను చెప్పాల్సింది.

ఆ గిన్నెకి ఆర్గాన్ వెల్డింగు చెయ్యలేదు. వెండి టంకం పెట్టాను.

నా చెయ్యి వణుకుతోంది. పోయిన ఏడాది నుంచి. టీ గ్లాసు ఎత్తితే సగం చొక్కా మీదే. మీ అత్తయ్యకి తప్ప ఎవరికీ తెలియదు. గేట్లూ గ్రిల్సూ లాంటి మోటు పనులతో నెట్టుకొస్తున్నా. ఆర్గాన్ టార్చి పట్టుకుని అంత సన్న ముక్కు మీద మంట కదలకుండా నిలపాలి. నిలవలేదు. ఒక గిన్నె కాల్చి బొక్క పెట్టాను. ఇంకోటీ అంతే. టంకమైతే కరిగి దానంతటదే సందులోకి పాకుతుంది, వణికే చెయ్యి కూడా సరిపోతుంది. పెట్టేసి, అది కనబడకుండా పాలిష్ పట్టాను. నీ ఎర్ర సిరా నేను చూడకపోలేదు. చదువుకున్నవాళ్ళ చాదస్తం అనుకున్నాను.

టంకం కడ్డీ అంటే ఒక్క వెండే కాదు. రాగి ఉంటుంది, జింకు ఉంటుంది, నా దగ్గరున్న పాత కడ్డీల్లో కాడ్మియం కూడా ఉంటుంది. వేడెక్కితే పసుపుపచ్చ పొగ. ఆ పొగ పీల్చి మంచమెక్కినవాణ్ణి నేను. పొగ లేస్తుందని నాకు తెలుసు. నీ గిన్నెలోనూ లేస్తుందని తోచలేదు. గోటి మీద మరకంత చాలు, అదీ లేచొచ్చి ఉలిక్కిపడుతుందని రాశావు చూడు, అక్కడే నా కళ్ళు ఆగిపోయాయి. ఆ రోజే చెప్పి ఉండాల్సింది. దాని బదులు గొలుసు సంగతి రాశాను.

కారుతుందా అని అడిగావు, కారదన్నాను. అది అబద్ధం కాదు. అలా అనుకునే ఇన్నాళ్ళూ అన్నం తిన్నాను. ఆ మాట చాటున నిలబడి, మొహమైనా చూడని మనిషి పొట్ట కొట్టాను. పనొచ్చినవాడి చేతుల్లోకి తొంగి చూస్తాడని తిట్టాను. చూడనిస్తే ఏం కనబడేదో నాకు తెలుసు కాబట్టే తిట్టాను.

మీ అమ్మ అన్నది తప్పు. నువ్వు పైకి పోతే ఈ షెడ్డు రేకుల మీదెక్కి అరుస్తాను. కానీ ఆవిడతో ఏమీ అనకు. తిట్టనీ.

కృతజ్ఞతల వాక్యం తీయించెయ్యి. ముందు అది.

మామయ్య


మే 9

మామయ్యా,

కోపంలో రాసినవన్నీ చించేశాను. అందుకే ఇంత ఆలస్యం.

మేడమ్‌కి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆవిడ గిన్నెలోంచి మెగ్నీషియం మొత్తం తీసేసి, ఖాళీ గిన్నెనే వేడి చెయ్యమంది. చేశాం. ఆర్గాన్ పటిక మీద వెలుగు వేశాం. మెగ్నీషియం వెలుగు లేదు. ఆలస్యంగా ఆరేది మాత్రం ఉంది. మేం దీపం ఆర్పేసినా, మా అందరి మొహాల ముందు అది తన తీరికన తాను ఆరింది. జింకో, కాడ్మియమో, రెండూనో ఇంకా తేలలేదు. వ్యాసం లేదు. నా చదువు ఇంకో ఏడాది.

నీ మీద అరవాలనే కూర్చున్నాను. కానీ ఒకటుంది. నువ్వు చెప్పాక కూడా నేను చెప్పకపోతే నేనేం మనిషిని?

మొదటిసారి గిన్నె వేడి చేశాక డబ్బా విప్పినప్పుడే ముక్కు మొదట్లో రంగు మారి ఉంది. చుట్టూ సన్నటి పొడి. అప్పుడు గదిలో నేనొక్కదాన్నే. గుడ్డతో తుడిచేశాను. పాలిష్ పొడి అనుకున్నాను, కాదు, అలా అనుకుందామనుకున్నాను. ఖాళీ గిన్నె వేడి చేసి చూడటం ఈ పనిలో మొదటి రోజు నేర్పే పాఠం. నేను చెయ్యలేదు. మేడమ్ అడగలేదు. ఆ వెలుగు మాకందరికీ అంత కావాల్సొచ్చింది. వద్దన్నవాడు అతనొక్కడే.

అతన్ని వెనక్కి తీసుకోమని అడిగాను. ఆ చోట ఇంకొకరిని వేసేశారు, ఇప్పుడు ఖాళీ లేదన్నారు.

అతను ఎక్కడున్నాడో కనుక్కున్నాను. పెద్ద బస్టాండు వెనక ఫ్రిజ్జులు బాగుచేసే షాపు. వీధి మలుపు దాకా వెళ్ళాను. అక్కణ్ణించే కనిపించాడు, బల్ల మీద వంగి. వెనక్కి వచ్చేశాను. ఏమని మొదలుపెట్టాలి మామయ్యా? నువ్వు పెద్దవాడివి. నువ్వు వెళ్ళి మనిద్దరి తరఫునా చెబితే అతను వింటాడు.

కోడలు పిల్ల


మే 23

కోడలు పిల్లా,

వెళ్ళాను. మీ ఊరి దాకా వచ్చి నీ దగ్గరికి రాలేదని అలగకు. ఆ షాపులోంచి వచ్చాక ఇంకెవరి గుమ్మమూ ఎక్కాలనిపించలేదు.

తలుపులూడిన ఫ్రిజ్జులు బయట వరసగా నిలబెట్టి ఉన్నాయి. లోపల మనిషి రాగి గొట్టానికి సబ్బు నురగ పూసి, బుడగ లేస్తుందేమోనని కళ్ళార్పకుండా చూస్తున్నాడు. లీకులు వెతకడమే పని ఇప్పుడు. గొట్టం మీద అతుకు చూశాను. బాగాలేదు, టంకం ఎక్కువైంది. నోటిదాకా వచ్చింది. మింగాను.

"ఏ ఫ్రిజ్జు పెద్దాయనా?" అన్నాడు.

"ఫ్రిజ్జు కాదు. గిన్నె" అన్నాను.

కూర్చోమన్నాడు, కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను. చెయ్యి చాపి చూపించాను, చూడు ఎలా ఊగుతుందో అని. పరాయివాడికి చూపించడం అదే మొదలు. నురగ గుడ్డకి తుడుచుకుని విన్నాడు. అంతా విని ఏమన్నాడో తెలుసా?

"అయితే లీకు కాదా?"

"కాదు."

"గట్టిగా చూశారా?"

"ఖాళీ గిన్నె పెట్టి మరీ చూశారట బాబూ."

మొహం వాడిపోయింది. "నేను లీకే అనుకున్నానండీ. ఇక్కడ కూర్చుని రోజూ ఒక్కో వాల్వూ గుర్తు చేసుకుంటున్నా, ఏది వదిలేశానా అని. అయితే నేను చెప్పిందీ తప్పే" అన్నాడు.

"మెగ్నీషియం కాదన్నావు. కాదు. నీ తప్పేం లేదు" అన్నాను. 

అప్పుడు వెనక గదిలోంచి వాళ్ళమ్మ తొంగి చూసింది. "ఎవర్రా?" అంది. "పాత ఆఫీసు తాలూకు వాళ్ళమ్మా" అన్నాడు. ఆవిడ గబగబా కొంగుతో చేతులు తుడుచుకుని ముందుకొచ్చింది. "రమ్మంటున్నారా నాయనా మళ్ళీ?" అంది నాతో.  నేల చూశాను. "కాదులేమ్మా, నువ్వు పో" అని అతనే అన్నాడు.

ఆవిడ వెళ్ళాక అడిగాడు. "ఇంతకీ అది జింకా, కాడ్మియమా?"

నాకు తెలియదన్నాను.

"దీపం ఆర్పాక ఎంతసేపుండేదో కొలిచారు కదా? దాన్ని బట్టి తెలిసిపోవాలే?"

తెలియదన్నాను. తిడతాడేమోనని ఎదురుచూశాను. తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. నేను అడగలేదు, అడగడానికి మొహం చెల్లలేదు. బయటికి వస్తుంటే, "ఆ అమ్మాయి రాలేదేం?" అన్నాడు.

మనిద్దరి తరఫునా చెప్పమన్నావు. నా వంతు చెప్పాను. పని చెయ్యనిది నా చెయ్యి, చెప్పనిది నా నోరు అని చెప్పాను. గుడ్డతో తుడిచిన సంగతి నేను చెప్పలేదు. మరిచిపోయి కాదు. అది నీది.

అతనడిగిన దానికి జవాబు నా దగ్గర లేదు. నువ్వు కొలిచి కనుక్కో. కనుక్కుని కాగితం మీద రాసి పోస్టు డబ్బాలో పడెయ్యకు, మనం ఇన్నాళ్ళూ రాసుకున్న తీరు చాలు. వెళ్ళు. ఏమని మొదలుపెట్టాలని అడిగావు. జింకో, కాడ్మియమో అది చెప్పు. అక్కణ్ణించి మొదలుపెట్టు. మిగతాది అతను అడుగుతాడు, అడగటంలో వాడికి సాటి లేదు.

షాపుకి గురువారం సెలవు. గురువారం వెళ్ళి, తలుపు మూసి ఉందని నాకు రాయకు.

మామయ్య